టీవీ వంటగాళ్ళలో ఒక్కరిని ఇంటికి పిలవగలిగితే ఎవరిని పిలుస్తారు? (అమ్మ కోసం అడుగుతున్నాను)

కొత్తావకాయ | శనివారం, ఉదయం 10:42

అందరికీ నమస్తే. వచ్చే నెల 9న మా అమ్మకు అరవై నిండుతాయి. తెనాలిలో ఇంట్లోనే చేస్తున్నాం. దగ్గరివాళ్ళం పదిహేను మందిమి ఉంటాం. క్యాటరింగ్ మాట ఎత్తితేనే అమ్మ వద్దంది.

అమ్మ ముప్పై ఏళ్ళుగా టీవీలో వంటల కార్యక్రమాలు చూస్తోంది. మధ్యాహ్నం గిన్నెలు సర్దేసి, నోటు పుస్తకం, పెన్ను పట్టుకుని కూర్చునేది. "వీళ్ళలో ఒక్కరు మనింటికొచ్చి వండితే ఎంత బాగుంటుందో" అని మా చిన్నప్పుడు చాలాసార్లు అంది. ఆ ఒక్కరిని తీసుకురావడం మా వల్ల కాదు. కానీ వాళ్ళ వంటను నేను, తమ్ముడు, మరదలు కలిసి చేసి ఆమెను కూర్చోబెట్టి వడ్డించగలం. అమ్మకు ఇంకా చెప్పలేదు.

ఎవరి వంట చేయాలో తేల్చుకోలేకపోతున్నాం. మీరైతే ఎవరిని పిలుస్తారు, ఏం వండించుకుంటారు? ఇప్పుడు లేనివాళ్ళయినా ఫర్వాలేదు.

బాదం_ఆకు | శనివారం, 10:58

నా ఓటు రణ్‌వీర్ బ్రార్‌కి. లక్నో మనిషి. ఒక వంట ఎక్కడ పుట్టిందో, అందులో ఆ దినుసు ఎందుకు పడిందో కథలా చెబుతాడు. వండుతూ మాట్లాడుతూ ఉంటే చాలు, తినడం తర్వాత సంగతి.

ఇంగువ_పోపు | శనివారం, 11:20

అమ్మగారికి ముందుగా శుభాకాంక్షలు.

నేనైతే తరళా దలాల్ గారిని పిలుస్తాను. 2013లో పోయారు. ముంబైలో ఇంట్లోనే క్లాసులు చెప్పడంతో మొదలుపెట్టి, 1974లో మొదటి పుస్తకం వేసి, తర్వాత టీవీలోకి వచ్చారు. 2007లో పద్మశ్రీ ఇచ్చారు. మొత్తం శాకాహారమే. నాకు నచ్చింది ఆవిడ కొలతలు. మనవాళ్ళు "తగినంత" అంటారు, కొత్త కోడలికి తగినంత అంటే ఎంతో ఎలా తెలుస్తుంది? దలాల్ గారు చెంచాల లెక్క చెప్పేవారు. పెళ్ళైన కొత్తలో మా ఆవిడ ఆ లెక్కల మీదే వంట నేర్చుకుంది. ఆ రుణం నాకు గుర్తుంది.

లెస్టర్_చలి | శనివారం, సాయంత్రం 4:05

మధుర్ జాఫ్రీ. నాకు రెండో పేరు లేదు.

1982లో బీబీసీలో ఆమె వంటల సీరీస్ వచ్చింది. నేను ఇక్కడికి చాలా తర్వాత వచ్చాను. ఒక చారిటీ షాపులో ఆ సీరీస్ పుస్తకం దొరికింది. పాత ఓనరెవరో గానీ పేజీల నిండా పసుపు మరకలు. జాఫ్రీ నటన నేర్చుకోవడానికి ఢిల్లీ నుంచి లండన్ వచ్చినప్పుడు ఆమెకు వంట రాదు. ఇక్కడి తిండి తినలేక అమ్మకు ఉత్తరం రాస్తే, వాళ్ళమ్మ ఎయిర్‌మెయిల్లో మూడు నాలుగు లైన్లలో వంటలు రాసి పంపేదట. అలా నేర్చుకున్న మనిషి దేశం మొత్తానికి నేర్పింది. నేనూ మా అమ్మ ఫోన్లో చెబితే పప్పుచారు నేర్చుకున్నదాన్నే కాబట్టి ఆమె మాట నాకు దగ్గరగా అనిపిస్తుంది.

ఆమె వస్తే నిమ్మకాయ, కొత్తిమీర వేసి చేసే ఆ కోడికూర చేయించుకుంటాను. పక్కింటి ఇంగ్లిష్ పెద్దావిడను కూడా భోజనానికి పిలుస్తాను.

సర్వపిండి | శనివారం, 6:31

అక్కా, అందరూ ఢిల్లీ, ముంబై, లండన్ అంటున్నారు. మన దగ్గర లేరా?

2021లో జెమినీలో మాస్టర్‌చెఫ్ తెలుగు వచ్చినప్పుడు సంజయ్ తుమ్మ, చలపతిరావు, మహేష్ పడాల జడ్జీలు. తుమ్మ గారు అంతకు చాలా ముందే, 2007 నుంచే వారెవా పేరుతో నెట్‌లో వీడియోలు పెట్టిండు. అమెరికాలో చదువుకునే మనోళ్ళు ఎంతమంది ఆయన్ని చూసి మొదటి కూర వండుకున్నారో. కానీ నేను పిలిచేది చలపతిరావు గారిని. దక్షిణాది వంటల మీదే ఏళ్ళుగా పనిచేసిన మనిషి.

ఆయనతో మా ఇంట్లో సర్వపిండి, పచ్చిపులుసు చేయించుకుంటా. మా నాయనమ్మ బియ్యప్పిండిలో నానబెట్టిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు కలిపి గిన్నె అడుగున అద్ది, వేలితో రంధ్రాలు పెట్టి నూనె పోసేది. ఒకటి కాలినంక గిన్నె చల్లారేదాకా రెండోది అద్దరాదు, వేడికి చెయ్యి కాలుతది. అందుకే మా ఇంట్ల సర్వపిండికని రెండు గిన్నెలుండేవి. నేను చిన్నప్పుడు చూసిన టీవీ వంటల్లో మా ఇంటి వంట ఒక్కటి కూడా కనబడలే. అది నాకు ఇప్పటికీ బాధే. పెద్ద చెఫ్ ఒకాయన మా ఇంట్ల నిలబడి సర్వపిండి అద్దుతుంటే చూడాలని ఉంది.

మట్టిదాక | శనివారం, రాత్రి 8:15

సర్వపిండి తమ్ముడూ, నీ బాధ నిజమే.

నా మాట వేరే. మన తెలుగు చానెళ్ళలో మధ్యాహ్నం పూట వచ్చే కార్యక్రమాల్లో అసలు వంటగాళ్ళు చెఫ్‌లు కారు, గృహిణులు. జిల్లాల నుంచి వచ్చేవాళ్ళు. మంచి చీర కట్టుకుని, మొదటి రెండు నిమిషాలు బెదురుగా మాట్లాడి, పోపు వేయగానే సొంత వంటింట్లో ఉన్నట్టు అయిపోయేవాళ్ళు. పేరు ఒకసారి తెర కింద పడేది, అంతే.

నేను వాళ్ళలో ఒకావిడను పిలుస్తాను. గోదావరి వైపు ఆవిడ, పనసపొట్టు కూర చేశారు. అంతా అయ్యాక ఆవముద్ద కలపబోతుంటే యాంకర్ "స్టవ్ ఆపేశారేంటండీ" అని అడిగింది. "ఆవ పొయ్యి మీద ఉడికితే చేదెక్కుతుందమ్మా, దింపి కాస్త ఆరాకే కలపాలి" అని ఆవిడ జవాబు. అప్పటిదాకా నా పనసపొట్టు ఎందుకు చేదొస్తుందో నాకు తెలియదు. పేరు గుర్తులేదు, ఊరు గుర్తులేదు. ఇరవై ఏళ్ళుగా ప్రతి పనసకాయ కాలంలో ఆవిడను తలుచుకుంటాను.

పొటోమాక్_ఒడ్డు | ఆదివారం, ఉదయం 7:02

మేం మేరీలాండ్‌లో ఉంటాం. నాకు జూలియా చైల్డ్ కావాలి. 1963లో బోస్టన్ టీవీలో ఫ్రెంచ్ వంట మొదలుపెట్టిన ఆవిడ. వంట పాడైతే దాచకుండా, దాన్ని ఎలా సరిచేసుకోవాలో చూపించేవారు.

ఆవిడ వంటగదిని 2001లో స్మిత్‌సోనియన్ మ్యూజియానికి ఇచ్చేశారు. వాషింగ్టన్‌లో గదికి గది అలాగే పెట్టారు. మా అమ్మానాన్న వచ్చినప్పుడు తీసుకెళ్ళాం. గోడ మీద చిల్లుల పలక, దాని మీద ఏ మూకుడు ఎక్కడ తగిలించాలో ఆ మూకుడు ఆకారంలో గీతలు. ఆమె భర్త గీసినవట. మా అమ్మ మాత్రం ప్లాట్‌ఫారం చూసింది. జూలియా ఆరడుగుల రెండంగుళాలు. అమెరికాలో మామూలుగా కౌంటర్ 36 అంగుళాలు ఉంటే, వాళ్ళింట్లో 38 పెట్టించుకున్నారు. అమ్మ అక్కడే చాలాసేపు నిలబడి, "మనిషిని బట్టి కట్టించారు చూడు" అంది. గుడివాడలో మా ఇంటి గట్టు మేస్త్రీ తన లెక్కలో కట్టాడు. అమ్మ నాలుగడుగుల పదకొండు. నలభై ఏళ్ళు భుజాలు ఎత్తి కలియబెట్టింది.

జూలియా వస్తే ఒక ఆమ్లెట్ వేయించుకుంటాను, అంతే.

కొత్తావకాయ | ఆదివారం, 9:40

పొటోమాక్ గారూ, మీ పోస్టు చదివి నాన్నకు ఫోన్ చేశాను. అమ్మ వంటగట్టు కొలిచి చెప్పమన్నాను. 35 అంగుళాలు. అమ్మ ఐదడుగులు. పొయ్యి ముందు ఒక పీట వేసుకుని నిలబడుతుంది. నేను పుట్టినప్పటి నుంచి ఆ పీట అక్కడే చూస్తున్నాను, ఎందుకుందో ఒక్కసారి కూడా అడగలేదు.

గరిటె_తిప్పేవాడు | ఆదివారం, 11:15

పద్నాలుగేళ్ళుగా హోటల్ లైన్‌లో ఉన్నాను. గట్టు ఎత్తుకి మేం వాడే లెక్క ఇది: చేతులు మడిచి నిలబడితే మోచెయ్యి ఎంత ఎత్తులో ఉంటుందో, దానికి నాలుగు నుంచి ఆరంగుళాలు కింద తరిగే చోటు ఉండాలి. పొయ్యి ఉన్న చోటు ఇంకాస్త కిందకే ఉండాలి, ఎందుకంటే దాని మీద గిన్నె ఎత్తు కూడా కలుస్తుంది. పీట జారుతుంది, దాని బదులు పొయ్యి ముందంతా పరుచుకునే వెడల్పాటి చెక్క వేదిక చేయించండి. కాళ్ళకు రబ్బరు వేయించండి. వడ్రంగికి అరపూట పని.

ఇక అసలు విషయం. చెఫ్ ఇంటికొస్తే మొదట అడిగేది కత్తి. మన ఇళ్ళల్లో పదునైన కత్తి ఉండదు. రెండోది మంట. హోటల్ పొయ్యి ఇంటి పొయ్యికి ఎన్నో రెట్లు వేడినిస్తుంది. అందుకే హోటల్లో నాలుగు నిమిషాల్లో అయ్యేది ఇంట్లో నీరు వదిలి ఉడికిపోతుంది. టీవీలో కనబడే చిన్న చిన్న గాజు గిన్నెల వెనక ఇద్దరు ముగ్గురు కుర్రాళ్ళు పొద్దున్నుంచీ తరిగి పెట్టి ఉంటారు. నేను అలాంటి పని చేసినవాణ్ణే. కాబట్టి పదిహేను మందికి వండేటప్పుడు ఎవరి వంటయినా సరే, తరుగుడు ముందు రోజు రాత్రే ముగించుకోండి.

నా ఓటు సంజీవ్ కపూర్ గారికి. 1993లో జీ టీవీలో ఖానా ఖజానా మొదలైంది. అప్పట్లో వంటవాడంటే పిల్లనిచ్చేవాళ్ళు కాదు. మా నాన్న నన్ను హోటల్ మేనేజ్‌మెంట్‌లో చేర్చడానికి ఒప్పుకున్నాడంటే ఆయనను టీవీలో చూశాడు కాబట్టే. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చిన రోజు మా కిచెన్‌లో స్వీట్ పంచాం.

కొత్తావకాయ | ఆదివారం, మధ్యాహ్నం 2:50

గరిటె అన్నా, మీరు ఖానా ఖజానా అన్నారు కదా. నాన్న అమ్మకు తెలియకుండా ఆ నోటు పుస్తకం ఫొటోలు తీసి పంపారు. మొత్తం చూశాను. 1996 దగ్గర ఒక పేజీ ఉంది. అమ్మకు హిందీ రాదు. పై వాటాలో ఒక మార్వాడీ ఆవిడ ఉండేది, ఆమె వచ్చి పక్కన కూర్చుని చెబుతుంటే అమ్మ రాసుకునేది. పేజీలో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

"శ్యామ్ సవేరా. పాలకూర 2 కట్టలు. వేణ్ణీళ్ళలో వేసి తీసి నీళ్ళు పిండాలి. జీలకర్ర, వెల్లుల్లి, అల్లం, పచ్చిమిర్చి వేయించి కలపాలి. పనీర్ కోరు, ఏలక్కాయ పొడి, ఉప్పు. పనీర్ ఉండ లోపల, పాలకూర బయట."

దాని కింద ఒక గీత. గీత కింద "కరెంటు పోయింది."

మిగతా పేజీ ఖాళీ. తర్వాతి వంట పక్క పేజీలో మొదలుపెట్టింది.

బాదం_ఆకు | ఆదివారం, 2:58

ఇదే చేయండి అక్కా. ఇంకేం ఆలోచించకండి.

ఒక్కటే సందేహం, ఇన్నేళ్ళలో అమ్మ యూట్యూబ్‌లో చూసుకోలేదా?

కొత్తావకాయ | ఆదివారం, 3:10

లేదు తమ్ముడూ. ఆ పైవాటా ఆవిడ కూడా ఇల్లు మారిపోయింది. నేను ఒకసారి ఈ పేజీ గురించి అడిగితే "ఏదోలే, అప్పుడు పోయింది" అంది. నేనూ వదిలేశాను.

ఇంగువ_పోపు | ఆదివారం, 4:30

నా దలాల్ గారిని వెనక్కి తీసుకుంటున్నాను. కానీ ఒక మాట. అరవై నిండే రోజు ఆకులో ముద్దపప్పు, పులిహోర, పరమాన్నం లేకుండా వెన్న, క్రీమ్ కూర ఒక్కటే పెడితే పెద్దవాళ్ళకు వెలితిగా ఉంటుంది. ఇదొక ప్రత్యేకంగా పెట్టి, మిగతాది మన భోజనం పెట్టండి.

సర్వపిండి | ఆదివారం, 4:44

అది కరెక్ట్.

గరిటె_తిప్పేవాడు | ఆదివారం, రాత్రి 9:20

శ్యామ్ కాదమ్మా, షామ్ సవేరా. షామ్ అంటే సాయంత్రం, సవేరా అంటే ఉదయం. కపూర్ గారికి పేరు తెచ్చిన సొంత వంట. ఎర్రటి గ్రేవీ మీద, ఆకుపచ్చ ఉండను సగానికి కోసి పెడితే లోపల తెల్లగా పనీర్ కనబడుతుంది. మీ అమ్మగారు రాసుకున్నది సరిగ్గా ఉంది. ఆగిపోయిన చోటు నుంచి చెబుతాను. లెక్క పదిహేను మందికి, మనిషికి రెండు ఉండలు.

పాలకూర కాడలు తీయకముందు రెండున్నర కిలోలు. మూత పెట్టకుండా మరిగే నీళ్ళలో ఒక్క నిమిషం, వెంటనే చల్లటి నీళ్ళలో. లేకపోతే రంగు పోతుంది. తర్వాత పిండడం, ఇక్కడే వంట నిలబడేదీ పోయేదీ. గుడ్డలో కట్టి ఇద్దరు పట్టుకుని పిండండి. సన్నగా తరగండి, మిక్సీలో వేయొద్దు. పోపులో శనగపిండి ముప్పావు కప్పు వేసి పచ్చివాసన పోయేదాకా వేయించి, పాలకూర వేసి, తడి ఆరిపోయి ముద్దయ్యేదాకా తిప్పండి. పసుపు, ధనియాల పొడి, ఉప్పు. పూర్తిగా చల్లారనివ్వండి.

పనీర్ అరకిలో, మెత్తగా మెదిపి చిన్న ఉండలు, గోళీల కంటే కాస్త పెద్దవి. అరచేతిలో పాలకూర ముద్ద పలచగా చేసి, మధ్యలో పెట్టి మూసి, కార్న్‌ఫ్లోర్‌లో దొర్లించాలి. పగులు ఉండకూడదు. ముందు ఒక్కటి వేయించి చూడండి. విడిపోతే ముద్దలో ఇంకో రెండు చెంచాల వేయించిన శనగపిండి కలపండి. తర్వాత ఐదారు చొప్పున వేయండి. ఇంటి పొయ్యి మీద పది ఒకేసారి వేస్తే నూనె చల్లబడి అన్నీ విచ్చుకుంటాయి.

గ్రేవీకి పండు టమాటాలు రెండు కిలోలు ఉడికించి, మిక్సీ పట్టి, వడకట్టాలి. వెన్నలో అల్లం వెల్లుల్లి, కారం, టమాటా గుజ్జు. నూనె తేలేదాకా ఓపిగ్గా. గరం మసాలా, తేనె రెండు చెంచాలు, చివర్లో క్రీమ్ ఒక కప్పు. ఉండలను గ్రేవీలో ఉడికించొద్దు. పళ్ళెంలో గ్రేవీ పోసి, కోసిన ఉండలు పైన పెట్టి వెంటనే వడ్డించాలి.

ఉండలు చుట్టి ముందు రోజు రాత్రి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు. కార్న్‌ఫ్లోర్ మాత్రం వేయించే ముందే.

లెస్టర్_చలి | ఆదివారం, రాత్రి 11:02

గరిటె గారూ, ఇది దాచుకున్నాను. కొత్తావకాయ గారూ, అయ్యాక తప్పకుండా రాయండి, ఎదురుచూస్తుంటాను.

కొత్తావకాయ | 10వ తేదీ, ఉదయం 8:25

నిన్న జరిగింది. రాస్తున్నాను.

అమ్మను పొద్దున్నే నాన్న గుడికి తీసుకెళ్ళారు. మేం ముగ్గురం వంటింట్లో. తమ్ముడూ నేనూ గుడ్డ పట్టుకుని పాలకూర పిండుతుంటే పచ్చనీళ్ళు బకెట్ నిండా. మొదటి ఉండ విడిపోయింది. అన్న చెప్పినట్టు శనగపిండి కలిపాం, తర్వాత ఒక్కటీ పోలేదు. ఇంగువ గారు చెప్పినట్టే ముద్దపప్పు, పులిహోర, పరమాన్నం కూడా చేశాం. గోంగూర పిన్ని తెచ్చింది.

అమ్మ విస్తరి ముందు కూర్చున్నాక పళ్ళెం పెట్టాం. ముందు ఏంటో అర్థం కాలేదు. తర్వాత ఒక ఉండ ముక్క తిప్పి చూసి, లోపలి తెలుపు చూసి, "కరెంటు పోయినదా?" అంది. అంతే అడిగింది. నాన్న పుస్తకం తెచ్చి పక్కన పెట్టారు.

రెండు ఉండలు తింది. గ్రేవీలో తీపి కొంచెం ఎక్కువైందంది, తేనె ఒక చెంచా చాలట. ఏలక్కాయ వాసన బాగుందంది. సాయంత్రం అందరూ వెళ్ళాక నన్ను కూర్చోబెట్టి, మొదటి నుంచి చెప్పమని ఆ ఖాళీ పేజీలో రాసుకుంది. పాలకూర ఎన్ని కిలోలో, ఎన్ని చొప్పున వేయించాలో అన్నీ. కళ్ళజోడు పెట్టుకుని, ఆ పాత గీత కిందనే.

చెక్క వేదిక కూడా చేయించాం గరిటె అన్నా. నాలుగడుగుల పొడవు, మూడంగుళాల ఎత్తు. పీట తీసేశాం.

పొటోమాక్_ఒడ్డు | 10వ తేదీ, 8:51

ఇది మా అమ్మకు ఫోన్లో చదివి వినిపించాను. ఆ వేదిక కొలతలు మళ్ళీ అడుగుతోంది. వెడల్పు ఎంత పెట్టించారు?

గరిటె_తిప్పేవాడు | 10వ తేదీ, 9:30

చాలా సంతోషం అమ్మా. తేనె విషయం అమ్మగారే కరెక్ట్, మన టమాటాకి ఒక చెంచా సరిపోతుంది. ఇంకొకటి, గ్రేవీలో కసూరీ మేతి చెప్పడం మర్చిపోయాను. అరచేతిలో నలిపి, క్రీమ్‌కి ముందు ఒక చెంచా. అమ్మగారితో ఆ పేజీలో రాయించండి.

కొత్తావకాయ | 10వ తేదీ, 9:47

వెడల్పు రెండడుగులండి, వెనక్కి ఒక అడుగు వేసినా కాలు దిగకూడదని.

మేతి రాయించాను అన్నా. మార్జిన్‌లో బాణం గుర్తు వేసి రాసుకుంది.